ఏడు కిలోల ఫ్లైవీల్‌లో ఎంత తీయాలి, ఎక్కడ తీయాలి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నీది 2008 స్విఫ్ట్, 1.3 పెట్రోలు. రోజూ భీమవరం నుంచి పాలకొల్లు వెళ్ళి వస్తావు. వారానికోసారి నరసాపురం రేవులో పంటు (బండ్లని గోదావరి దాటించే బల్లకట్టు) ఎక్కి సఖినేటిపల్లి అత్తగారింటికి వెళ్తావు. ఏడాదికి రెండుసార్లు ఇదే బండి చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి నడుపుకుంటూ వెళ్ళి, రోజంతా తోలి, మళ్ళీ అదే బండిలో ఇంటికొస్తావు. క్లచ్ అరిగిపోయింది, గేర్‌బాక్స్ ఎలాగూ దించాలి, పనిలో పనిగా ఫ్లైవీల్ (ఇంజన్ తిప్పే ఇరుసు, అంటే క్రాంకు, చివర బిగించి ఉండే బరువైన చక్రం) కూడా తేలిక చేయిద్దామని చూస్తున్నావు. మీ ఊరి లేత్ ఆయన నాలుగు వేలిస్తే ఏడు కిలోల దాంట్లో మూడు కిలోలు చెక్కేస్తానన్నాడు. దానివల్ల పవర్ పెరుగుతుందా, రోడ్డు మీద ఇబ్బంది పడతానా అని అడిగావు.

పవర్ పెరగదు. రోడ్డు మీద కొంత ఇబ్బంది ఉంటుంది, అది ఎక్కువగా ఆ రేవు దగ్గరే తెలుస్తుంది. అయినా నీలా ట్రాక్‌కి వెళ్ళేవాడు చేయించుకోదగ్గ పనే. కానీ పాత బీడు (పోత ఇనుము) ఫ్లైవీల్లో మూడు కిలోలు చెక్కించడం మాత్రం వద్దు. ఆ మాట ఎందుకంటున్నానో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది బండి పాడయ్యే సంగతితో ఆగేది కాదు, కాళ్ళకి సంబంధించిన సంగతి.

నేను లేత్ పని నేర్చుకున్నది కార్ల మీద కాదు. తణుకు చుట్టుపక్కల రైసుమిల్లు షాఫ్టులు, చేల గట్ల మీద నీళ్ళు తోడే ఆయిల్ ఇంజన్లు, వాటి మీదే చేయి తిరిగింది. ఫ్లైవీల్ ఎందుకుందో అర్థం కావాలంటే ఆయిల్ ఇంజన్ని మించిన పాఠం లేదు. ఒకటే సిలిండరు, పక్కన మనిషి ఒక్కడూ ఎత్తలేని చక్రం. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకి ఒక్కసారే మంట. స్టార్ట్ చేసేటప్పుడు డీకంప్రెషన్ లివర్ పైకెత్తి పట్టుకుని హ్యాండిల్ తిప్పుతాం. చక్రం ఊపు అందుకున్నాక లివర్ వదిలేస్తాం. అప్పుడు పిస్టన్ని కంప్రెషన్ దాటించేది మన చేతి బలం కాదు, చక్రంలో దాచిన ఊపు. నడిచేటప్పుడూ అంతే. ఒక మంటకీ ఇంకో మంటకీ మధ్య ఇంజన్ ఆగిపోకుండా మోసేది ఆ చక్రమే.

నీ కారులో నాలుగు సిలిండర్లు, ప్రతి అర చుట్టుకీ ఒక మంట. అందుకే చిన్న చక్రం సరిపోతుంది. కానీ అక్కడా పని అదే. ఐడ్లింగ్‌లో 800 ఆర్‌పీఎం దగ్గర నీ ఫ్లైవీల్లో ఉండే శక్తి సుమారు 245 జౌళ్ళు. అంటే పాతిక కిలోల బియ్యం బస్తాని ఒక మీటరు ఎత్తేంత, అంతే. అదే చక్రం 6,000 దగ్గర సుమారు 13,800 జౌళ్ళు మోస్తుంది. ఐదుగురు కూర్చున్న నీ కారుని మీటరు పైకి లేపేంత శక్తి అది. వేగం పెరిగిన కొద్దీ శక్తి వర్గంలో పెరుగుతుంది కాబట్టి ఇంత తేడా. ఫ్లైవీల్ తేలిక చేస్తే వచ్చే లాభం పై ఆర్‌పీఎంలో, వచ్చే కష్టం కింది ఆర్‌పీఎంలో కనపడేది ఇందుకే. కింద అసలే పిడికెడు ఉంది, అందులోంచే మనం తీస్తున్నాం.

పవర్ పెరిగిందనే మాట ఎక్కడి నుంచి వస్తుందో చెప్తాను. ఫ్లైవీల్ పెట్రోలు కాల్చదు, గాలి పీల్చదు. ఆర్‌పీఎం పెరిగేటప్పుడు ఇంజన్ శక్తిలో కొంత అది దాచుకుంటుంది, తగ్గేటప్పుడు తిరిగిస్తుంది. హైవే మీద ఒకే వేగంలో పోతుంటే ఏడు కిలోలదైనా ఐదు కిలోలదైనా ఇంజన్‌కి ఒకటే. రోలర్ల మీద బండిని గట్టిగా లాగించి కొలిచే చోట మాత్రం తేలిక చక్రానికి అంకె కాస్త ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే అక్కడ కొలిచేది ఇంజన్ వేగం పుంజుకుంటున్నప్పుడు. అది తప్పుడు అంకె కాదు. కాకపోతే ఇంజన్ కొత్తగా పుట్టించిన పవర్ కూడా కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. "ఎన్ని కిలోలు తీశావు" అని అందరూ అడుగుతారు. "ఎక్కడ తీశావు" అని ఎవరూ అడగరు. ఇంటర్‌లో జడత్వ భ్రామకం అని చదివే ఉంటావు. బరువు మధ్య నుంచి ఎంత దూరంలో ఉందో ఆ దూరాన్ని వర్గం చేసి లెక్కలోకి తీసుకోవాలి. రెండు కిలోల లోహాన్ని కేంద్రం నుంచి 12 సెంటీమీటర్ల దూరంలో తీస్తే తగ్గే జడత్వ భ్రామకం 0.029 కిలో-చదరపు మీటర్లు. అవే రెండు కిలోలు 6 సెంటీమీటర్ల దగ్గర తీస్తే తగ్గేది 0.007 మాత్రమే. తూకంలో రెండూ సమానం, పనిలో నాలుగు రెట్ల తేడా. లేత్ మీద సులువుగా కోత పడేది మధ్య భాగంలో, వెనక వైపు బల్లపరుపుగా ఉన్నచోట. తొందర పనిలో అక్కడే చెక్కేస్తారు. ఆ మధ్య భాగమేమో క్రాంక్ బోల్టుల చుట్టూ బలం ఉండాల్సిన చోటు. అంటే లాభం తక్కువ ఉన్నచోట తీసి, బలం కావాల్సిన చోట పలచబరిచినట్టు. తూకం వేస్తే మూడు కిలోలు తగ్గింది కాబట్టి బండి ఆయన సంతోషపడతాడు. తోలితే పెద్ద తేడా తెలియదు.

అంచు దగ్గర ఆ రెండు కిలోలూ సరిగ్గా తీశామనుకో, బండికి ఎంత లాభం? ఒక లెక్క ఉంది. గేరు, డిఫరెన్షియల్ కలిపిన మొత్తం నిష్పత్తిని టైరు వ్యాసార్ధంతో భాగించి, వర్గం చేసి, తగ్గిన జడత్వ భ్రామకంతో గుణించు. బండి మీద నుంచి ఎన్ని కిలోలు దించినట్టో అదే చెప్తుంది. టైరు వ్యాసార్ధం 0.29 మీటర్లు, మొదటి గేరులో మొత్తం నిష్పత్తి 14.5 అనుకుందాం. అప్పుడు 72 కిలోలు వస్తుంది. పక్క సీట్లో పెద్దమనిషి దిగిపోయినట్టే. రెండో గేరులో నిష్పత్తి 7.8 అనుకుంటే 21 కిలోలు. మూడులో 9 కిలోలు దాటదు. నాలుగులో ఐదు. ఐదో గేరులో మూడు కిలోలు, అంటే నువ్వు ఉంచుకున్నా తీసేసినా గుర్తుపట్టలేవు.

ఈ అంకెలు పక్కన పెట్టుకుని ట్రాక్ గురించి ఆలోచించు. ఇరుంగట్టుకోట్టై ట్రాక్ 3.717 కిలోమీటర్లు. ఒకసారి కదిలాక మొదటి గేరుతో అక్కడ పనే లేదు. తిరిగేదంతా రెండు, మూడు, నాలుగులోనే. మూడో గేరులో నీతో కలిపి సుమారు 1,100 కిలోల బండికి తొమ్మిది కిలోలంటే నూటికి ఒక వంతు కూడా లేదు. స్టెప్నీ, జాకీ తీసి పిట్‌లో పెడితే అంతకంటే ఎక్కువ తగ్గుతుంది, అదీ అన్ని గేర్లలోనూ, పైసా ఖర్చు లేకుండా. కాబట్టి ల్యాప్ టైమ్ కోసమే అయితే ఈ డబ్బు మంచి బ్రేక్ ప్యాడ్లకీ, వేడికి మరగని బ్రేక్ ఆయిల్‌కీ, టైర్లకీ పెట్టమని మొహమాటం లేకుండా చెప్తాను. అవి ఇంకా చేయించకపోతే ముందు అవే చేయించు.

మరి చేయించుకోదగ్గ పని అని ఎందుకన్నాను? గేరు దించేటప్పుడు వచ్చే సుఖం కోసం. తిన్నగా వచ్చి గట్టిగా బ్రేక్ కొట్టి నాలుగు నుంచి రెండుకి దించేటప్పుడు ఇంజన్ ఆర్‌పీఎం ఒక్కసారి పైకి లేవాలి. బ్రేక్ మీద ఉన్న పాదంతోనే యాక్సిలరేటర్‌ని ఒక్క తాకు తాకి రేజ్ ఇవ్వాలి. బరువైన చక్రమైతే ఆ తాకు చాలదు. ఆర్‌పీఎం లేచేలోపు నువ్వు క్లచ్ వదిలేస్తావు, ముందు చక్రాలు ఒక్క క్షణం జారతాయి, సరిగ్గా మలుపులోకి తిప్పాల్సిన సమయంలో. తేలిక చక్రమైతే సూది వెంటనే లేస్తుంది. గేరు పైకి మార్చేటప్పుడు కూడా ఆర్‌పీఎం త్వరగా పడిపోయి తరువాతి గేరుకి అందుతుంది. బండి నీ పాదం మాట వింటున్నట్టు ఉంటుంది. రోజంతా ట్రాక్ మీద తోలే మనిషికి అలసట తగ్గించేది ఇదే. గడియారంలో కనపడకపోయినా మలుపు మలుపుకీ చేతికి తెలుస్తుంది. నేనైతే దీనికి విలువిస్తాను.

ఇప్పుడు రోడ్డు సంగతి. నీ రోజువారీ దారి నాకు బాగా తెలుసు. కాలవ గట్టు పక్కన సన్నటి రోడ్డు, ఎదురుగా వరి కోత మిషనో, రొయ్యల లారీయో వస్తే ఒక చక్రం మట్టిలోకి దించి ఆగాలి, మళ్ళీ కదలాలి. గంటలో ఇరవైసార్లు క్లచ్ మీద పని. తేలిక ఫ్లైవీల్‌తో ప్రతి కదలికకీ కాస్త ఎక్కువ రేజ్ కావాలి, హాఫ్ క్లచ్ ఇంకాస్త జాగ్రత్తగా వదలాలి. మొదటి వారం నాలుగైదుసార్లు బండి ఆగిపోతుంది. తరవాత పాదం అలవాటు పడుతుంది. ఎండాకాలం ఏసీ కంప్రెసర్ పట్టుకున్నప్పుడల్లా ఐడ్లింగ్ ఒక్క కుదుపు కుదుపుతుంది, అది అలవాటు పడేది కాదు, ఉండిపోతుంది. చేపల లారీల నుంచి నీళ్ళు కారి తడిసిన రోడ్డు మీద రెండో గేరులో యాక్సిలరేటర్ హఠాత్తుగా వదిలితే ఇంజన్ బ్రేకింగ్ కూడా మునుపటికంటే చురుగ్గా పట్టుకుంటుంది. పాదం మెల్లగా తీయడం నేర్చుకోవాలి.

రేవు దగ్గర అసలు పరీక్ష. పంటు దిగి రేవు ఏటవాలు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు పలక మీద ఉంటాయి, వెనక మనిషి ఊపిరి తగిలేంత దగ్గరగా బైకులుంటాయి. మొదటి గేరు, తక్కువ వేగం, మెల్లగా క్లచ్. బరువైన చక్రమైతే అక్కడ దాని ఊపు నిన్ను ఎక్కిస్తుంది. తేలిక చక్రంతో ఆ సాయం తక్కువ. రేజ్ ఎక్కువిస్తే తడి పలక మీద చక్రాలు తిరుగుతాయి, తక్కువిస్తే బండి ఆగిపోయి వెనక్కి జారుతుంది. హ్యాండ్ బ్రేక్ పట్టుకుని, 1,500 దాకా రేజ్ ఇచ్చి, క్లచ్ పట్టు తెలిశాక బ్రేక్ వదలడం నీకు చేతిలో పనై ఉండాలి. అత్తగారింటికి అప్పుడప్పుడు మీ ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఈ బండి తీసుకెళ్తుంటే, ఈ ఒక్క కారణానికే నేను ఒకటిన్నర కిలో దగ్గర ఆగమంటాను. నువ్వొక్కడివే తోలేదైతే రెండు కిలోలు. అంతకు మించి నీ వాడకానికి వద్దు. ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటుని ఫ్లైవీల్‌కి అదిమి పట్టేది), క్లచ్ ప్లేటు, క్రాంకు బరువు ఎలాగూ అలాగే ఉంటాయి కాబట్టి, అంచులో రెండు కిలోలు తీస్తే మొత్తం తిరిగే బరువులో తగ్గే జడత్వం పావు వంతు దరిదాపు. రోడ్డుకీ ట్రాక్‌కీ మధ్య నేను మెచ్చే చోటు అదే.

ఇక బీడు. తమ్ముడూ, ఇక్కడ కాస్త ఆగి చదువు. కంపెనీ ఫ్లైవీళ్ళు చాలావరకు బీడువే. బీడు నొక్కితే బాగా ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు. తిరిగే చక్రంలో లోహం మీద పడేది లాగుడే. నీ ఫ్లైవీల్ అంచు కేంద్రం నుంచి 13.5 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకో, 6,500 ఆర్‌పీఎం దగ్గర ఆ అంచు గంటకి 330 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. లాగుడు వేగం వర్గంతో పెరుగుతుంది. ట్రాక్ మీద గేరు తప్పు పడి 7,500 తాకితే 6,500 దగ్గర ఉన్న లాగుడుకి మూడో వంతు అదనంగా కలుస్తుంది. దానికి తోడు క్లచ్ జారినప్పుడల్లా ఫ్లైవీల్ మీద క్లచ్ ప్లేటు రాసుకునే ముఖం వేడెక్కి, చల్లారి, జుట్టంత సన్నటి పగుళ్ళు వస్తాయి. కంపెనీవాళ్ళు ఆ మందం వృథాగా పెట్టలేదు. కొంత బరువు కోసం, కొంత ఈ పగుళ్ళు లోపలికి పాకకుండా. మందం తీసేస్తే ఆ రక్షణ పోతుంది.

నీ బండిలో ఇంజన్ అడ్డంగా ఉంది. అంటే ఫ్లైవీల్ తిరిగే తలం బండి ముందు నుంచి వెనక్కి ఉంటుంది. అది పగిలితే ముక్కలు పోయేది పైకి బానెట్ వైపు, కిందకి రోడ్డు వైపు, వెనక్కి డాష్‌బోర్డు కింద కాళ్ళ వైపు. చుట్టూ ఉన్న అల్యూమినియం బెల్ హౌసింగ్ వాటిని ఆపలేదు. విదేశాల్లో రేసు క్లచ్‌లకీ ఫ్లైవీళ్ళకీ ఎస్‌ఎఫ్‌ఐ 1.1 అనే ప్రమాణం పెట్టుకున్నది ఇలాంటి ముక్కలు మనుషుల్ని గాయపరిచిన అనుభవంతోనే.

నేనూ ఆ పని చేసినవాణ్ణే. చాలా ఏళ్ళ కిందట ఒక స్నేహితుడి బండికి బీడు ఫ్లైవీల్లో రెండున్నర కిలోలు తీసిచ్చాను. వెనక వైపు నుంచే తీశాను, అప్పటికి నాకు తెలిసింది అంతే. ఎనిమిది నెలల తరవాత నాలుగు వేల ఆర్‌పీఎం దగ్గర అదురు వస్తోందని తెచ్చాడు. దించి చూస్తే ఒక బోల్టు రంధ్రం నుంచి ముఖం వైపు రెండంగుళాల పగులు. ఇంకో నెల ఆగి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటాను. ఆ రోజు నుంచి బీడు ఫ్లైవీల్‌కి ముఖం సాపు చేయడం తప్ప బరువు కోసం కోత పెట్టలేదు. అడిగినవాళ్ళందరికీ ఇదే చెప్తాను, నాలుగు వేలు మిగిలాయనుకునే చోట కాదు ఇది.

కాబట్టి స్టీలుతో కొత్తది చేయించు, లేదా నీ ఇంజన్ నంబరుకి సరిపోయే రెడీమేడ్ స్టీలు ఫ్లైవీల్ కొను. చేయిస్తే ఈఎన్19 గానీ ఈఎన్24 గానీ వాడమను, మెటీరియల్ సర్టిఫికెట్ అడుగు. గ్యాస్‌తో కోసిన ఏదో పాత ప్లేటు ముక్కతో మాత్రం ఒప్పుకోకు. స్టీలు సాంద్రత బీడుకంటే కాస్త ఎక్కువే, కానీ బలం చాలా ఎక్కువ కాబట్టి మధ్య గుండు మందంగా ఉంచి, క్లచ్ ముఖం వెనక నుంచి అంచు దాకా పలచగా తీసుకురావచ్చు. మూలలన్నీ గుండ్రంగా తిప్పమను. లేత్ మీద పదునైన మూల వదిలితే పగులుకి దారి వేసినట్టే. అల్యూమినియం ఫ్లైవీల్ కూడా దొరుకుతుంది, ముఖానికి స్టీలు పళ్ళెం బిగించి ఉంటుంది. అది రేసుకే అంకితమైన బండికి బాగుంటుంది. వేడికి అల్యూమినియం స్టీలుకంటే దాదాపు రెట్టింపు సాగుతుంది, రేవు దగ్గరా కాలవ గట్టు మీదా హాఫ్ క్లచ్ వాడకానికి దాన్ని నేను పెట్టను.

చేయించేటప్పుడు లేత్ ఆయనతో కూర్చుని కొలతలు రాసుకో. క్రాంకు మీద కూర్చునే రంధ్రం బిగువుగా ఉండాలి, బోల్టులు బిగించేవే తప్ప చక్రాన్ని మధ్యలో నిలబెట్టేవి కావు. ప్రెషర్ ప్లేటు బిగించే తలానికీ క్లచ్ ప్లేటు రాసుకునే ముఖానికీ మధ్య ఎత్తు తేడా పాతదాంట్లో ఎంతుందో కొలిచి అంతే ఉంచాలి. ముఖం ఒక్కటే అరమిల్లీమీటరు ఎక్కువ తీసినా ప్రెషర్ ప్లేటు స్ప్రింగు పట్టు తగ్గి క్లచ్ జారుతుంది. మొత్తం ఎత్తు తగ్గితే రిలీజ్ బేరింగు (క్లచ్ తొక్కినప్పుడు ప్రెషర్ ప్లేటు స్ప్రింగుని నెట్టేది) దూరం మారిపోతుంది. డోవెల్ పిన్నులు మరిచిపోతారు చాలామంది, అవి లేకపోతే ప్రెషర్ ప్లేటు ప్రతిసారీ ఒక్కోచోట కూర్చుని బ్యాలెన్స్ చెడుతుంది. కొన్ని ఇంజన్లలో క్రాంక్ సెన్సర్ చదివే పళ్ళు ఫ్లైవీల్ మీదే ఉంటాయి. దించిన రోజే చూసుకో, ఉంటే వాటి స్థానం డిగ్రీ కూడా మారకూడదు.

స్టార్టర్ పళ్ళ రింగ్ గేర్ కొత్తది తీసుకో. రింగుని వేడి చేసి, సాగాక చక్రం మీద జారవిడుస్తారు. 270 మిల్లీమీటర్ల రింగు 180 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.6 మిల్లీమీటర్లు వెడల్పవుతుంది, అది చాలు. గ్యాస్ మంటతో ఒక పక్క ఎర్రగా కాల్చేవాళ్ళని చూశాను. అలా చేస్తే పళ్ళ గట్టిదనం పోయి, ఆరు నెలల్లో స్టార్టర్ కిర్రుమంటుంది. నేను తెలిసిన బేకరీ ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర అరగంట పెట్టిస్తాను. అన్ని వైపులా ఒకేలా కాలుతుంది. పళ్ళకి ఏటవాలు ఉన్న వైపు స్టార్టర్ పళ్ళు వచ్చే వైపుకి ఉండాలి. ఒకసారి కూర్చున్నాక తిప్పి పెట్టడం కుదరదు, కాబట్టి వేడి చేసే ముందే సుద్దతో గుర్తు పెట్టుకో.

బ్యాలెన్సింగ్ మీద డబ్బు మిగల్చకు. 12 సెంటీమీటర్ల దగ్గర పది గ్రాముల తేడా ఉంటే 6,500 దగ్గర అది 55 కిలోలు దాటిన బలంతో క్రాంకుని ప్రతి చుట్టూ ఒక పక్కకి గుంజుతుంది. కత్తి అంచుల మీద దొర్లించి చూసే బ్యాలెన్స్ ఆయిల్ ఇంజన్‌కి సరిపోతుంది, దీనికి చాలదు. విజయవాడ ఆటోనగర్ వెళ్ళి క్రాంకులు యంత్రం మీద తిప్పి బ్యాలెన్స్ చేసేచోటు చూసుకో. ముందు ఫ్లైవీల్ ఒక్కటే, తరవాత కొత్త ప్రెషర్ ప్లేటు బిగించి మళ్ళీ చేయించు. రెండింటి మీదా ఒకే చోట గుర్తు కొట్టించి, బండికి బిగించేటప్పుడు ఆ గుర్తులు కలుపు.

బిగింపులో తొందర వద్దు. గేర్‌బాక్స్ దిగి ఉండగానే క్రాంకు వెనక ఆయిల్ సీలు మార్చేయ్. దాని ఖరీదు కొంచెమే. నెల తరవాత అది కారి కొత్త క్లచ్ మీద ఆయిల్ పడితే మళ్ళీ మొత్తం దించాలి. ఫ్లైవీల్ బోల్టులు కొత్తవి వాడు. మాన్యువల్లో ఉన్న టార్కుకే, ఎదురెదురు వరసలో, మూడు విడతలుగా బిగించు. తరవాత డయల్ గేజి పెట్టి ముఖం మీద ఒక చుట్టు తిప్పించు. ముఖం ఊగు పదో వంతు మిల్లీమీటరు లోపు రావాలని నా పట్టుదల. ఎక్కువ వస్తే విప్పి క్రాంకు ముఖం మీద మురికో, గీరో ఉందేమో చూడు. సాధారణంగా అదే ఉంటుంది.

క్లచ్ ప్లేటు మధ్యలో స్ప్రింగులున్నదే తీసుకో. రేసు బండ్లకి వాడే స్ప్రింగులు లేని ప్లేటు చూపించి తేలిక అంటారు. బరువైన చక్రం మింగేసే అదురు ఇప్పుడు గేర్‌బాక్స్‌లోకి వెళ్తుంది, ఆ స్ప్రింగులు కూడా లేకపోతే న్యూట్రల్లో గేర్లు గలగలమంటాయి. స్ప్రింగులున్నా కాస్త చప్పుడు వస్తుంది, క్లచ్ తొక్కితే ఆగిపోతే భయపడకు. అలాగే ముందు వైపు క్రాంక్ పుల్లీ మార్చమంటే ఒప్పుకోవద్దు. అందులో రబ్బరు ఉంటే అది క్రాంకు మెలితిరుగుడు అదురుని తగ్గించేది. రెండు చివర్లూ ఒకేసారి తేలిక చేస్తే క్రాంకుకి దిక్కు లేదు.

ఐడ్లింగ్ ఓ వంద ఆర్‌పీఎం పెంచితే చాలావరకు ఆగిపోవడం తగ్గుతుంది. థ్రాటిల్ బాడీ, ఐడ్లింగ్ వాల్వు ముందే శుభ్రం చేయించు. మురికి పట్టిన వాల్వుతో తేలిక చక్రం అసలు కుదరదు. నీది పాత బండి కాబట్టి ఇంకో చిక్కు తప్పింది. 2020 ఏప్రిల్ తరవాతి బీఎస్-6 బండ్లలో కంప్యూటరు క్రాంకు వేగంలో చిన్న చిన్న ఎగుడుదిగుళ్ళు చూసి మంట తప్పిందని నిర్ణయిస్తుంది. చక్రం తేలికైతే ఆ ఎగుడుదిగుళ్ళు సహజంగానే పెరుగుతాయి, మంట బాగానే ఉన్నా పీ0300 కోడు పెట్టి లైటు వెలిగిస్తుంది. నీ స్నేహితుడు తన డీజిల్ కారుకి కూడా చేయిద్దామంటున్నాడని రాశావు. ఆయన బండిలో డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉందేమో ముందు కనుక్కోమను. లోపల స్ప్రింగులతో రెండు చక్రాలు కలిపి చేసినది అది. దాన్ని లేత్ మీద పెట్టనే కూడదు. మూడు సిలిండర్ల బండ్లవాళ్ళకీ నేను వద్దనే చెప్తాను, మంటకీ మంటకీ మధ్య 240 డిగ్రీల ఖాళీ ఉంటుంది, ఐడ్లింగ్‌లో అదురు భరించడం కష్టం.

అన్నీ బిగించాక మొదటి రోజు ఇంటి దగ్గర స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, 1,000 నుంచి 4,000 దాకా మెల్లగా పెంచుతూ ఇంజన్ మౌంటు మీద చెయ్యి పెట్టి చూడు. ఏదైనా ఒక ఆర్‌పీఎం దగ్గర అదురు పెరిగి మళ్ళీ తగ్గితే రోడ్డెక్కకుండా బ్యాలెన్స్ మళ్ళీ చూపించు. బాగుంటే 500 కిలోమీటర్లు పాలకొల్లు దారిలోనే తోలు, రేజ్ ఇచ్చి క్లచ్ వదిలేయడాలు ఏమీ వద్దు, కొత్త ప్లేటు ముఖానికి కుదురుకోవాలి. ఆ తరవాత వర్షం లేని రోజు చూసుకుని, రద్దీ లేని వేళ రేవు దగ్గరకి ఒక్కడివే వెళ్ళి పంటు ఎక్కి దిగి చూడు. చెన్నై ప్రయాణం దాని తరవాతే పెట్టుకో. పాత ఫ్లైవీల్ దించినప్పుడు వెనక వైపూ క్లచ్ ముఖం వైపూ ఫొటోలు తీసి పంపితే, ముఖం మీద వేడి మచ్చలూ పగుళ్ళూ ఉన్నాయేమో చూసి చెప్తాను. అవి లేకపోతే దాన్ని నూనె రాసి దాచిపెట్టు, రేపు బండి అమ్మేటప్పుడు కొనేవాళ్ళకి అదే కావాలి.